సాయంత్రం ఏడింటికి ఎక్కడుండాలి

అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులూ చుక్క ముట్టని మనిషి, మాల తీసిన వారంలోపే మళ్ళీ వైన్ షాపు ముందు కనబడటం మన ఊళ్ళలో చాలామంది చూసిందే. వీడి భక్తి ఇంతేనని ఊరు తేల్చేస్తుంది. భార్య పైకి ఏమీ అనదు గానీ లోపల్లోపలే కుంగిపోతుంది. ఆ మనిషికేమో తన మీద తనకు మిగిలిన కాస్త నమ్మకమూ పోతుంది. నేను మాత్రం ఆ ఓడిపోయిన రోజును కాక, అంతకుముందు నిలబడ్డ 41 రోజుల్ని చూడమంటాను. క్వార్టర్ పడనిదే ఇల్లు చేరని మనిషి అన్ని రోజులు ఎలా ఉండగలిగాడు?

ఆ రోజుల్లో అతని సాయంత్రాలు ఎలా గడిచాయో గుర్తు చేసుకోండి. పొద్దుగూకేసరికి స్నానం, సన్నిధానానికి నడక, పూజ, భజన, తర్వాత నలుగురితో కలిసి అల్పాహారం. పక్కన తనలాగే నల్లబట్టల్లో ఉన్నవాళ్ళు. అందరూ అతన్ని ‘స్వామీ’ అనే పిలుస్తారు. పాత స్నేహితులు సైతం ఒక్క పెగ్గు వేద్దాం రారా అని అడగరు. ఏదైనా అనుమానం వస్తే, తనకన్నా ఎక్కువసార్లు కొండకు వెళ్ళొచ్చిన గురుస్వామి ఉన్నాడు. మాల తీసిన మర్నాటికి ఇవేవీ లేవు. మనిషి అతనే, మానాలన్న కోరికా అలాగే ఉంది. సాయంత్రం ఏడింటికి ఎక్కడికి వెళ్ళాలో మాత్రం తెలియదు. కాళ్ళకు అలవాటైన దారి ఒకటే.

ఈ అధ్యాయం ఆ ఏడు గంటల వేళ గురించి. గడువు లేకుండా, ఫీజు లేకుండా, ఏ దేవుణ్ణి కొలుస్తావని అడగకుండా అలాంటి సాయంత్రాలను పంచుకునే మనుషులు మన రాష్ట్రాల్లోనూ ఉన్నారు. వారంలో ఫలానా రోజున ఫలానా గంటకు ఒక గదిలో కూర్చుంటారు. ఆ గదిని ఎలా వెతుక్కోవాలి, గుమ్మం ఎలా దాటాలి, మళ్ళీ మళ్ళీ ఎలా వెళ్ళాలి అన్నదే ఇక్కడ చెప్పబోయేది. మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్సో సాయమో అందుతోందని 2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసిన దేశవ్యాప్త సర్వే చెప్పింది. మిగతా 37 మందీ మానాలని అనుకోనివాళ్ళేం కారు. పిల్లల తల మీద చెయ్యిపెట్టి ఒట్టేసినవాళ్ళు, తిరుపతి వెంకన్నకు మొక్కుకున్నవాళ్ళు, జనవరి ఒకటో తారీకు కోసం ఎదురుచూసినవాళ్ళు వాళ్ళలో ఎందరో. ఒట్టయినా మొక్కయినా వాళ్ళు ఒంటరిగా మోశారు.

ముందు డాక్టరు దగ్గరికి

మీటింగు సంగతికి వచ్చేముందు ప్రాణానికి సంబంధించిన మాట ఒకటి. ఏళ్ళ తరబడి రోజూ తాగేవాళ్ళు, పొద్దున్నే చేతుల వణుకు ఆగాలంటే ఒక గుక్క పడాల్సినవాళ్ళు, ఇంట్లో తలుపేసుకుని ఉన్నట్టుండి మానేయకూడదు. ఆఖరి గుక్క పడ్డ కొద్ది గంటలకే వణుకు, చెమట, గుండెదడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య ఇంకొందరికి మతి స్థిమితం తప్పుతుంది. లేనివి కనబడతాయి, ఎవరో పిలిచినట్టు వినబడుతుంది, ఒళ్ళు కాలిపోతుంది. దీన్ని గాలి సోకిందనుకుని తాయెత్తు కట్టించడానికి తీసుకెళ్ళకండి. తక్షణం వైద్యం అందకపోతే మనిషి పోవచ్చు.

కల్లు తాగేవాళ్ళకు ఇంకొంచెం జాగ్రత్త కావాలి. చెట్టు కల్లు వేరు. దుకాణాల్లో అమ్మే కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారు. అలాంటి కల్లు ఆపితే ఆ మత్తుమందుల్ని ఆపిన బాధ కూడా తోడవుతుంది. అది సాదా కల్లే కదా, ఏమవుతుందిలే అనుకోవద్దు.

జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగం, హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఇందుకు ఉన్నాయి. ఎంత తాగుతున్నారో దాచకుండా చెప్పండి. కొద్ది రోజుల మందులతో, బి1 విటమిన్‌తో శరీరం కుదుటపడుతుంది. ఇంకో మాట ఇంట్లోవాళ్ళకు. మాన్పించే పొడి అని ఎవరో ఇచ్చినదాన్ని అతనికి తెలియకుండా కూరలో కలపకండి. డైసల్ఫిరామ్ లాంటి మందు ఒంట్లో ఉండగా మద్యం పడితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు చెప్పి, తాగే మనిషి ఒప్పుకుని వేసుకోవాల్సిన మందు అది.

ఆక్రన్‌లో ఆరు గంటలు

ఈ మీటింగులు ఎలా పుట్టాయో తెలిస్తే మొదటిరోజు గుమ్మం దగ్గర భయం కొంత తగ్గుతుంది. అందుకే ఈ కథ కాస్త వివరంగా చెబుతాను.

1935 మే నెల. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ పట్టణం. న్యూయార్క్ నుంచి ఒక వ్యాపార వ్యవహారం మీద వచ్చిన బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి హోటల్ లాబీలో పచార్లు చేస్తున్నాడు. వచ్చిన పని చెడిపోయింది, చేతిలో డబ్బు లేదు, తెలిసినవాళ్ళు లేరు. తాగుడు మాని ఐదారు నెలలే అయింది. లాబీలో ఒక పక్కన బారు, అందులోంచి నవ్వులు వినబడుతున్నాయి. ఇంకో పక్కన టెలిఫోను, ఊళ్ళోని చర్చిల పేర్ల జాబితా. అంతకుముందు నెలల్లో అతను న్యూయార్క్‌లో ఎందరో తాగుబోతులకు మానమని చెప్పి చూశాడు. ఒక్కరూ మానలేదు. కానీ వాళ్ళతో మాట్లాడుతున్నన్నాళ్ళూ తాను తాగలేదని ఆ క్షణంలో అతనికి గుర్తొచ్చింది. తనకిప్పుడు ఒక తాగుబోతు కావాలి, మాట్లాడటానికి. ఫోను అందుకుని, ఒకరి తర్వాత ఒకరిని అడుగుతూ పోయాడు.

అలా దొరికినవాడు డాక్టర్ బాబ్ స్మిత్. సర్జన్. తాగుడుతో ప్రాక్టీసు దాదాపు పోయింది. ఎవరో వచ్చి నీతులు చెబుతారని తెలుసు కాబట్టి పావుగంట మించి కూర్చోనని ముందే షరతు పెట్టాడు. ఆ పావుగంట ఆరు గంటలు దాటింది. ఎందుకంటే వచ్చినవాడు తాగకు అనలేదు. తన కథ చెప్పుకున్నాడు. పైగా, ఇది నీకోసం కాదు, నాకోసం వచ్చాను అన్న సంగతి దాచలేదు. డాక్టర్లు, పాస్టర్లు, ఇంట్లోవాళ్ళు చెప్పినప్పుడు చెవికెక్కనిది, తనలాగే దాచుకుని తాగి, అబద్ధాలాడి, వణికిన మనిషి చెబితే ఎక్కింది. ఆ తర్వాత కూడా బాబ్ ఒకసారి తాగాడు. ఆయన ఆఖరిసారి మద్యం ముట్టింది 1935 జూన్ 10న. ఆపరేషన్ చేసే ముందు చేతుల వణుకు ఆగడానికి బిల్ స్వయంగా ఇచ్చిన ఒక బీరు అది. ఆ తారీకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టినరోజుగా లెక్కిస్తారు. మన దగ్గర అందరూ ఏఏ అంటారు. తర్వాత ఆ ఇద్దరూ కలిసి ఆసుపత్రి మంచం మీదున్న ఒక లాయరు దగ్గరికి వెళ్ళారు. అతను మూడోవాడు. 1939లో వాళ్ళ అనుభవాలు, తాము మానిన దారిని చెప్పే పన్నెండు మెట్లు పుస్తకంగా వచ్చాయి. భారతదేశానికి ఏఏ 1957లో ఢిల్లీ ద్వారా వచ్చింది.

ఇందులో మీరు పట్టుకోవాల్సింది ఒకటుంది. ఆ గదిలోకి మొదటిసారి అడుగుపెట్టేవాడు సాయం అడుక్కోవడానికి వచ్చినవాడు కాడు. పదేళ్ళుగా మానిన మనిషికి కూడా మీరు అవసరం. మొదటి రోజుల వణుకు, సిగ్గు ఎలా ఉంటాయో అతను మర్చిపోకుండా ఉండేది మీ ముఖం చూసే. మిమ్మల్ని కూర్చోబెట్టి టీ ఇచ్చేటప్పుడు అతను మీ మీద దయ చూపడం లేదు, తన ఆ సాయంత్రాన్ని కాపాడుకుంటున్నాడు. పరువు గల మనిషి తల దించుకోకుండా వెళ్ళగలిగిన చోటు అది. నాకు ఈ పద్ధతి మీద ఉన్న గౌరవమంతా ఇక్కడి నుంచే వచ్చింది.

ఇది నమ్మకం మాట మాత్రమే కాదు. 2020లో, వైద్య పరిశోధనల్ని సమీక్షించే కాక్రేన్ సంస్థ 27 పరిశోధనల్ని, పదివేల మందికి పైగా మనుషుల వివరాల్ని కలిపి చూసింది. పూర్తిగా మానేసి ఉండటం వరకు చూస్తే, ఏఏకి పద్ధతిగా పంపించే చికిత్సలు మిగతా పేరున్న చికిత్సల కంటే మెరుగైన ఫలితమే ఇచ్చాయని తేల్చింది. మందులు వాడుతూ మీటింగులకు వెళ్ళడంలో ఏ తప్పూ లేదు. వెళ్ళమని డాక్టర్లే పంపిస్తారు.

ఎక్కడ వెతకాలి

ఏఏ ఇండియా కార్యాలయం ముంబైలో ఉంది. వాళ్ళ వెబ్‌సైట్లో ఊళ్ళవారీగా హెల్ప్‌లైన్ నంబర్లు ఉంటాయి. ఆ ఫోను ఎత్తేది జీతగాడు కాదు, తాగుడు మానిన సభ్యుడే. కాబట్టి ఏం మాట్లాడాలో ముందే తయారుచేసుకోనక్కర్లేదు. ‘తాగుడు మానాలనుకుంటున్నాను, మా దగ్గర్లో మీటింగు ఎక్కడ?’ అంటే చాలు. ఏ రోజు, ఎన్నింటికి, ఏ భాషలో, ఓపెనా క్లోజ్డా అనేవి అడిగి రాసుకోండి. ఓపెన్ మీటింగుకు ఇంట్లోవాళ్ళు, స్నేహితులు, ఎవరైనా రావచ్చు. క్లోజ్డ్ మీటింగు తాగుడు సమస్య ఉన్నవాళ్ళకు మాత్రమే. హైదరాబాదు, సికింద్రాబాదుల్లో తెలుగులో జరిగేవీ ఇంగ్లీషులో జరిగేవీ ఉన్నాయి. మీకు కోపం ఏ భాషలో వస్తుందో ఆ భాష మీటింగునే ముందు ఎంచుకోండి.

ఆ నంబరు దొరకలేదా, కేంద్ర ప్రభుత్వం నడిపే 14446కు ఉచితంగా ఫోను చేయవచ్చు, దగ్గర్లోని డీఅడిక్షన్ కేంద్రం వివరాలు చెబుతారు. మనసు మరీ కలతగా ఉంటే టెలిమానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. మానసిక వైద్య విభాగంలోని సోషల్ వర్కర్‌ను అడగడం ఇంకో దారి. ఊళ్ళో ఏ గ్రూపు బాగా నడుస్తోందో చాలాసార్లు వాళ్ళకే తెలుస్తుంది. ప్రైవేటు డీఅడిక్షన్ కేంద్రంలో చేర్చే ఆలోచన ఉంటే మాత్రం, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసి, లోపలి గదులు కూడా చూశాకే చేర్చండి. మనిషిని కట్టేసి కొట్టే చోటు చికిత్సాలయం కాదు.

మీ ఊరికి దగ్గర్లో ఏదీ లేకపోతే ఆన్‌లైన్ మీటింగులు ఉన్నాయి. కరోనా రోజుల నుంచి ఇవి బాగా పెరిగాయి. కెమెరా ఆపేసి వినవచ్చు. అయితే నా అభిప్రాయం దాచను. అవకాశం ఉన్నవాళ్ళు మనుషులున్న గదికే వెళ్ళాలి. ఫోనులో మీటింగు ఒక్క నొక్కుతో కట్ అవుతుంది, ఎదురుగా కూర్చున్న మనిషిని అంత తేలిగ్గా తప్పించుకోలేం. అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉన్న తెలుగువాళ్ళకు పక్క వీధిలోనే ఇంగ్లీషు మీటింగు దొరుకుతుంది. అమ్మ గురించి, పెళ్ళాం పిల్లల గురించి తెలుగులోనే చెప్పుకోవాలనిపిస్తే, ఇక్కడి గ్రూపుల ఆన్‌లైన్ మీటింగుల గురించి అదే హెల్ప్‌లైన్‌లో అడగండి. ఇక్కడ సాయంత్రం ఏడంటే న్యూయార్క్‌లో పొద్దున్న తొమ్మిదిన్నర, చలికాలమైతే ఎనిమిదిన్నర.

మొదటిరోజు

పట్టపగలు ఒకసారి వెళ్ళి ఆ చోటు చూసి రండి. బడి గదో, చర్చి ఆవరణలో హాలో, ఆసుపత్రి వెనక గదో అయి ఉంటుంది. బోర్డు చిన్నదిగా ఉంటుంది. సాయంత్రం చీకట్లో వెతుక్కుంటూ తిరిగితే, దొరకలేదులే అని వెనక్కి తిరగడానికి మనసు సాకు వెతుకుతుంది. దారిలో వైన్ షాపు పడితే వేరే దారి చూసుకోండి. కడుపు నిండా ఏదైనా తిని వెళ్ళండి, ఆకలి మీద తాగాలనే కోరిక రెట్టింపవుతుంది. ఆ రోజే తాగి ఉన్నా సరే, గొడవ చేయకుండా కూర్చోగలిగితే వెళ్ళండి. వెళ్ళగొట్టరు. మాట్లాడకుండా వినమంటారు, అంతే.

పది నిమిషాలు ముందు చేరండి. కొత్తా అని ఎవరో ఒకరు పలకరిస్తారు. అవునని చెప్పండి. మీటింగు గంట నుంచి గంటన్నర ఉంటుంది. ఒక సభ్యుడు నడిపిస్తాడు, వచ్చే వారాల్లో ఆ కుర్చీలో ఇంకొకరు ఉంటారు. ఒక నిమిషం మౌనం, చిన్న ప్రార్థన, ఏఏ అంటే ఏమిటో చెప్పే నాలుగు మాటలు చదవడం. తర్వాత ఒక్కొక్కరు తమ పేరు చెప్పి, నేను ఆల్కహాలిక్‌ని అని మొదలుపెట్టి తమ సంగతి చెబుతారు. ఎలా ఉండేవాళ్ళు, ఏం జరిగింది, ఇప్పుడెలా ఉన్నారు. మధ్యలో ఎవరూ అడ్డు రారు, ప్రశ్నలు వేయరు, సలహాలివ్వరు. ఇది మనకు కొత్త. మన ఇళ్ళలో ఒకరు బాధ చెప్పుకుంటుంటే నలుగురు తీర్పు చెబుతారు. ఇక్కడ వినడమే పని. మీ వంతు వస్తే పేరు చెప్పి, ఈరోజు వింటాను అనవచ్చు.

నేను ఓపెన్ మీటింగుల్లో కూర్చున్నాను. అక్కడ విన్న కథల్లో ఒక్కటి కూడా ఈ పుస్తకంలో రాయను. అక్కడ విన్నది అక్కడే వదిలేస్తామన్న మాట మీదే ఆ గది నడుస్తోంది.

పేరు చాలు, ఇంటిపేరు అక్కర్లేదు. మన సమాజంలో ఇది చిన్న వెసులుబాటు కాదు. ఇంటిపేరు చెబితే కులం, ఊరు, ఎవరి తాలూకానో, అన్నీ వరసగా బయటపడతాయి. ఆ గదిలో ఆటో నడిపేవాడు, బ్యాంకు మేనేజరు పక్కపక్కన కూర్చుని ఒకే మాట చెబుతారు. రిజిస్టర్‌లో సంతకం ఉండదు, ఆధార్ అడగరు, సభ్యత్వ రుసుం లేదు. చివర్లో ఒక సంచి తిరుగుతుంది, గది అద్దెకూ టీ ఖర్చుకూ. ఇవ్వగలిగినవాళ్ళు పదో పరకో వేస్తారు. కొత్తవాళ్ళు వేయకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. బయటివాళ్ళ దగ్గర ఏఏ చందాలు తీసుకోదు.

వింటున్నప్పుడు మనసు ఒక పని చేస్తుంది. ‘ఇతను పొలం అమ్ముకున్నాడు, నేను అమ్మలేదు. ఇతని ఉద్యోగం పోయింది, నాది పోలేదు. నేను అంత తాగుబోతును కాను’ అని తేడాలు లెక్కపెడుతుంది. సాయంత్రం ఒక్కటే తాగుదామనుకుని కూర్చుని సీసా ఖాళీ అయ్యేదాకా లేవలేకపోవడం మీకూ ఉందా? సీసాను బియ్యం డబ్బాలో, స్కూటర్ డిక్కీలో దాచడం ఉందా? అవి వినండి. పొలం సంగతి పక్కన పెట్టండి.

ముగిశాక వెంటనే లేచి వెళ్ళిపోవద్దు. అసలు స్నేహాలు టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డ ఆ పది నిమిషాల్లోనే మొదలవుతాయి. ఇద్దరు ముగ్గురి ఫోను నంబర్లు తీసుకోండి. ఇంటికి చేరగానే ఒకరికి ఫోను చేయండి, చేరాను అని చెప్పడానికి. అవసరం లేనప్పుడు ఒకసారి చేసి ఉంటే, అవసరమైన రాత్రి చేయడానికి చెయ్యి జంకదు.

గుమ్మం దగ్గర ఆపేవి

ఎవరైనా చూస్తే పరువు పోతుందన్నది మొదటి భయం. ఆ గదిలో మిమ్మల్ని చూసే మనిషి కూడా అందుకే వచ్చాడు. ఇక వీధివాళ్ళంటారా, మీరు తూలుతూ వచ్చిన రాత్రులు వాళ్ళు చూశారు. పిల్లలు తెల్లబోయి గుమ్మంలో నిలబడటమూ చూశారు. కొత్తగా పోయేదేమీ లేదు. ఈ మాట కటువుగా ఉంటే మన్నించండి, కానీ దీన్ని మెత్తగా చెప్పి లాభం లేదనిపించింది.

రెండోది మతం. చాలా గ్రూపులు చర్చి గదుల్లో నడవడం వల్ల, మతం మార్చేస్తారేమో అని ఇళ్ళలో భయపడతారు. చర్చి వాళ్ళు గది ఇస్తారు, గ్రూపు అద్దె కడుతుంది, సంబంధం అంతవరకే. ఏఏ ఏ మతానికీ, పార్టీకీ, సంస్థకూ చెందినది కాదు. పన్నెండు మెట్లలో దేవుడి మాట ఉంది. ఆ దేవుణ్ణి ఎవరికి తోచినట్టు వాళ్ళు అర్థం చేసుకోవచ్చనీ అందులోనే ఉంది. వెంకన్న కావచ్చు, అల్లా కావచ్చు, యేసు కావచ్చు. దేవుడే లేడనేవాళ్ళు ఆ గదిలోని మనుషులనే తమకన్నా పెద్ద బలంగా తీసుకుంటారు. అదీ మింగుడుపడని వాళ్ళకు 1994లో మొదలైన స్మార్ట్ రికవరీ ఉంది. దేవుడి ప్రస్తావన లేకుండా, ఆలోచనల్ని, అలవాట్లను మార్చుకునే పద్ధతులతో నడుస్తుంది, ఆన్‌లైన్‌లో మీటింగులు దొరుకుతాయి. ఏ గదికి వెళ్ళారన్నది నాకు ముఖ్యం కాదు, వెళ్ళారా లేదా అన్నదే.

ఆడవాళ్ళకు ఈ గుమ్మం మరీ ఎత్తు. తెలంగాణ పల్లెల్లో ఆడవాళ్ళు కల్లు తాగడం కొత్తేమీ కాదు, కానీ మానలేకపోతున్నానని ఒక ఆడమనిషి నలుగురిలో చెప్పుకోవడం కొత్త. గదినిండా మగవాళ్ళుంటే నోరు పెగలదు. ఆడవాళ్ళకు విడిగా జరిగే మీటింగుల గురించి హెల్ప్‌లైన్‌లో అడగండి. ఆన్‌లైన్‌లో ఇవి దొరకడం తేలిక. మొదట ఫోనులోనే ఒక మహిళా సభ్యురాలితో మాట్లాడించమని అడిగే హక్కు మీకుంది.

గ్రూపులన్నీ ఒకలా ఉండవు. ఒకటి నచ్చకపోతే ఇంకోటి చూడండి, కనీసం అరడజను మీటింగులు చూశాకే ఇది నాకు పనికిరాదని అనండి. అయితే ఎవరైనా డాక్టరు రాసిన మందులు మానేయమన్నా, అప్పు అడిగినా, ఆడవాళ్ళతో చనువుగా ప్రవర్తించినా అక్కడ ఉండనక్కర్లేదు. మందుల గురించి సలహా ఇవ్వడం ఏ సభ్యుడి పనీ కాదు.

వెళుతూ ఉండటం

మొదటి 90 రోజుల్లో 90 మీటింగులకు వెళ్ళమని పాతవాళ్ళు చెబుతారు. మన ఊళ్ళలో రోజూ మీటింగు ఉండకపోవచ్చు. ఉన్న రోజు గదికి, లేని రోజు ఆన్‌లైన్‌కు, అదీ కుదరకపోతే ఏడింటికి ఒక సభ్యుడికి ఫోను. ఎలాగోలా ఆ గంట నిండాలి. జీవితమంతా తాగనని ఒట్టు పెట్టమని అక్కడ ఎవరూ అడగరు. ఈ 24 గంటలు మొదటి పెగ్గు ముట్టకపోతే చాలు, రేపటి సంగతి రేపు. ఒట్లతో విసిగిపోయిన మనిషికి ఇది ఎంత ఊరటో!

కొన్ని వారాలయ్యాక స్పాన్సర్‌ను ఎంచుకోండి. మీకన్నా ముందు నుంచి మానేసి, మెట్ల దారిలో నడిచి, మీతో నిజం మాట్లాడే ఓపిక ఉన్న మనిషి. మగవాళ్ళు మగవాళ్ళను, ఆడవాళ్ళు ఆడవాళ్ళను ఎంచుకోవడం రివాజు. గ్రూపులో ఒక పని కూడా తీసుకోండి. కుర్చీలు వేయడం, టీ తేవడం, తాళం తీయడం. పని ఉన్న మనిషి ఎగ్గొట్టడు.

మధ్యలో జారితే? జారుతారు కొందరు. బాబ్ కూడా జారాడని చెప్పాను కదా. ఆ రాత్రే స్పాన్సర్‌కు ఫోను చేయండి, మర్నాడు మీటింగుకు వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. సభ్యత్వానికి కావలసింది మానాలన్న కోరిక ఒక్కటే, అది మీ దగ్గర ఇంకా ఉంది. పెళ్ళిళ్ళు, దసరా దావతులు, సంక్రాంతి పందేల బరులు, జీతం పడిన రోజు, ఇవి ముందే తెలిసిన ప్రమాదాలు. ఆ రోజులకు ముందు మీటింగు, తర్వాత ఫోను పెట్టుకోండి.

ఇంట్లోవాళ్ళకు విడిగా అల్‌అనాన్ ఉంది. బిల్ భార్య లోయిస్ మరొక సభ్యుడి భార్యతో కలిసి 1951లో మొదలుపెట్టింది. 1957 నుంచి యుక్తవయసు పిల్లలకు అలటీన్ నడుస్తోంది. అతను మానినా మానకపోయినా మీరు వెళ్ళవచ్చు. అక్కడ మానిపించే ఉపాయాలు చెప్పరు. ఏళ్ళ తరబడి అతని చుట్టూ తిరిగిన మీ బతుకును మీ చేతిలోకి తీసుకోవడం నేర్పుతారు. ఇంట్లో మీరు చేయగలిగిన సాయం ఒకటుంది. మీటింగు ఉన్న సాయంత్రం అతనికి వేరే పని చెప్పకండి, వచ్చాక ఏం మాట్లాడుకున్నారని ఆరా తీయకండి.

ఊళ్ళో మీటింగే లేకపోతే

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణాన్ని మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1995లో సంపూర్ణ మద్యనిషేధం దాకా వెళ్ళింది, 1997లో నిషేధం సడలిపోయింది. ఆ తల్లుల తెగువకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను. దుకాణం మూతపడ్డాక, తాగే మనిషి సాయంత్రాన్ని నింపే గది కూడా ఊరూరా తెరుచుకుని ఉంటే ఎంత బాగుండేదోనని మాత్రం అనిపిస్తుంది. ఆ గది తెరవడానికి ప్రభుత్వం రానక్కర్లేదు. మానాలనుకునే ఇద్దరు ముగ్గురు కలిస్తే గ్రూపు అయినట్టేనని ఏఏ సంప్రదాయమే చెబుతోంది.

మీరు పట్టణంలో మీటింగులకు కొన్ని నెలలు వెళ్ళి, కాస్త నిలదొక్కుకున్నాకే ఈ పనికి దిగండి. దగ్గర్లోని గ్రూపుకు చెబితే మొదటి వారాల్లో ఒకరిద్దరు వచ్చి కూర్చుంటారు, చదవాల్సిన పుస్తకాలు, కాగితాలు తెస్తారు. బడి హెడ్మాస్టరునో, గ్రంథాలయం వాళ్ళనో అడిగి సాయంత్రం ఒక గది తీసుకోండి. తక్కువైనా సరే అద్దె కట్టండి, ఊరికే ఇస్తామన్నా సరే. పార్టీ నాయకుడి ఇంట్లోనో, కులసంఘం భవనంలోనో వద్దు, కొందరు ఆ మెట్లెక్కరు. ఆశా కార్యకర్తకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు, పోలీస్ స్టేషన్లో ఎస్సైకి రోజు, గంట, ఒక ఫోను నంబరు రాసిచ్చి రండి. పేర్లు ఇవ్వకండి. కొన్ని వారాలు మీరొక్కరే కూర్చోవాల్సి రావచ్చు. అయినా గంట పూర్తయ్యేదాకా ఉండండి, ఒక పేజీ చదువుకోండి. రోజు, వేళ మార్చకండి. తాళం చెవి ఇద్దరి దగ్గర ఉంచండి, మీరు ఊళ్ళో లేని వారం కూడా గది తెరవాలి.